కనిపెట్టింది లక్కే

మంగళవారం పదకొండు గంటలకల్లా ముప్పై రెండో పట్టీ కూడా పగిలింది.

నవీన్ సార్ దాన్ని గాజు కడ్డీ చుట్టూ మెల్లగా వంచాడు. నల్లటి గీత మీద వెంట్రుకంత చీలిక లేచింది. మీటర్లో అంకె కాసేపు గంతులేసి, ఆనక ఏమీ లేకుండా పోయింది. ఆ పట్టీని మిగతా ముప్పై ఒకటి పక్కన పెట్టాడు. బల్ల మీద వరసగా పడుకోబెట్టిన ఆ కాగితం ముక్కల్ని అనుపమ మళ్ళీ లెక్కపెట్టింది.

పట్టీ అంటే చూపుడువేలంత పొడవున్న మందపాటి కాగితం. దాని మీద గ్రాఫీన్ సిరాతో రెండు గీతలు, వాటి మధ్యన తేమ పీల్చే గోధుమరంగు పూత. ఇప్పపువ్వు బస్తాలోనో చింతపండు బస్తాలోనో గుచ్చి పెడితే, బూజు పట్టకముందే చిన్న దీపం వెలిగి, లోపల తడి చేరిందని చెప్పాలి. పెన్సిల్ ముల్లులో ఉండే సరుకునే కంటికి ఆననంత పల్చటి పొరలుగా విడదీస్తే అది గ్రాఫీన్. కరెంటు దాంట్లో పరిగెత్తుతుంది గానీ ఉత్తి గ్రాఫీన్ కాగితానికి అంటుకోదు, రాలిపోతుంది. అంటించడానికి ఈ లాబ్‌లో వాడేది బస్తర్ లక్క. స్పిరిట్‌లో కరిగించిన లక్కలో గ్రాఫీన్ కలిపి, సన్నజాలీ మీదుగా ముద్ర కొడతారు. ఫ్యాక్టరీ జిగురు అక్కర్లేదు, అడవి సరుకే చాలు అన్నది ఈ జగదల్‌పూర్ లాబ్ చెప్పుకునే గొప్ప. శుక్రవారం రాయ్‌పూర్ నుంచి కమిటీ వస్తోంది. పట్టీలు నిలబడితే లాబ్ నిలబడుతుంది. లేదంటే రెండు గదులకీ తాళమే.

"సబ్బు," అన్నాడు నవీన్ సార్. "సీసాల్లో సబ్బు జిడ్డు మిగిలిపోయింది అనుపమ గారూ. పోయినవారం నుంచి ఆయా బట్టల పొడితో కడుగుతోంది కదా. అది తప్ప మారిందేముంది?"

మారింది ఇంకొకటి ఉంది. అది అనుపమకి తట్టలేదు. తట్టినా మార్పు అనుకునేది కాదు. కమిటీకి చూపించే సరుకు కదా అని, కుంట అనే ఊళ్ళో లక్క వ్యాపారం చేసే వాళ్ళ నాన్న కాశయ్య దగ్గర్నుంచి ఏరి కోరి ఒక సంచీ తెచ్చింది. బంగారంలా మెరిసే గింజలు. మంచి నుంచి ఇంకా మంచికి పోతే దాన్ని మార్పని ఎవరంటారు?

"ఇది మూడోసారి చెప్పడం. రేపట్నించి ఆవిణ్ణి రావద్దని చెప్పండి," అన్నాడు ఆయన. "మీ భాషలో మీరు చెప్తే బాగుంటుంది."

నవీన్ సార్‌ది వైజాగ్. ఆటో అబ్బాయిని కూడా 'ఏవండీ' అనే రకం, నోటి నుంచి పరుషం రాదు. అటువంటి పనులు ఇదిగో, ఇలా ఇంకొకరి నోటితో చేయిస్తాడు.

ఆయా పేరు లక్కే. వెనక పంపు దగ్గర ఉంది. నలభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. పుట్టిల్లు కుంట దగ్గర దోర్ల ఆదివాసుల పల్లె, మెట్టినూరు జగర్గుండా అవతల. ఊరు వదిలి వచ్చి జగదల్‌పూర్‌లో పడి పన్నెండేళ్ళు. ఇంట్లో దోర్లీ, బజార్లో హల్బీ, ఆఫీసులో హిందీ, అనుపమతో తెలుగు. నాలుగు భాషల్లోనూ తక్కువే మాట్లాడుతుంది.

అనుపమ చెప్పాల్సింది చెప్పింది. నేల చూస్తూ చెప్పింది.

లక్కే చేతిలో సీసాని కిందపెట్టలేదు. నిండా నీళ్ళు పట్టి, బోర్లించి, ఎండకెత్తి చూపించింది. నీళ్ళు గాజు మీద పల్చటి పొరలా జారిపోయాయి. ఎక్కడా ఒక్క చుక్క నిలవలేదు.

"జిడ్డుంటే చుక్కలు నిలుస్తయి," అంది. "మూడు నీళ్ళు పోస్త. ఆఖర్న కాచిన నీళ్ళు. నువ్వు నేర్పినట్టే. సీసలు మంచిగనే కడిగినమ్మా."

"నాకు తెలుసు."

"తెలిస్తే చెప్పలేదా?"

లక్కే సీసాని బోర్లించి, తీగ మీద ఆరేసిన వడగట్టే గుడ్డని తెచ్చింది. గుడ్డ మధ్యలో ఉసిరికాయంత జిగట ఉండ ఎండిపోయి ఉంది.

"ఇదేంది?"

"మురికి. లక్కలో ఉండే చెత్త."

"చెత్త గాదు, లక్కనే. కరగలే. లక్క సచ్చింది."

అనుపమకి నవ్వొచ్చింది, ఆ నవ్వే ఆమె ముఖం మీద కొంచెం సేపు ఇరుక్కుపోయింది. లక్కే లోపలికొచ్చి, అడక్కుండానే స్పిరిట్ దీపం వెలిగించింది. డబ్బాలోంచి నాలుగు గింజలు తీసి రేకు మీద వేసి, మంట మీద పెట్టింది. గింజలు కరగలేదు. ఉబ్బి, నురగ కట్టి, చివర్లు మాడాయి. వేళ్ళు తడి చేసుకుని పట్టి లాగితే, పచ్చి పిండిలా తుంపులుగా తెగింది. అప్పుడామె కొంగు ముడి విప్పి ఒక చిన్న లక్క బిళ్ళ తీసింది. కొడవలి పిడి వదులైతే అతికించుకునేందుకు ఉంచుకున్నది. దాన్ని రేకు మీద పెట్టగానే నెయ్యిలా జారింది. చిటికెన వేలితో అంటి లాగింది. తీగ సాగింది. మోచేతి దాకా, ఇంకా పైకి, దారమంత సన్నగా సాగి, దీపం వెలుగులో ఎర్రగా కనిపించింది.

"ఇది బతికున్నది. మొన్న మాఘంల కోసింది. అది ఎప్పటిదో. ఎవరిచ్చిన్రు?"

ఆ ప్రశ్నకి అనుపమ దగ్గర జవాబుంది. పక్కగదిలో సార్ సంచీ సర్దుకుంటున్నాడు, మధ్యాహ్నం బస్సుకి రాయ్‌పూర్ వెళ్ళాలి, కమిటీ వాళ్ళతో పాటే శుక్రవారం వస్తాడు. పది అడుగులు వేస్తే చెప్పొచ్చు. సార్, సబ్బు కాదు, మా నాన్న లక్క. అనుపమ తలుపు దాకా వెళ్ళింది. ఆయన ఫోన్లో ఎవరితోనో 'అంతా సిద్ధంగా ఉందండీ' అంటున్నాడు. వెనక్కి వచ్చేసింది. సిగ్గుతోనే వచ్చింది, వేరే కారణమేమీ లేదు. తర్వాత ఎన్ని కారణాలు వెతుక్కున్నా అదే నిజం.

లక్కే అప్పటికే చీపురు మూల పెట్టి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున్నే అనుపమ నాన్నకి ఫోన్ చేసింది.

"మూడేండ్ల కిందటి సరుకమ్మా అది," అన్నాడు కాశయ్య, గొంతులో గర్వం దాచుకోకుండా. "భద్రాచలం సేటు ఎన్నిసార్లు అడిగిండో, ఇయ్యలె. బియ్యమైనా ఆవకాయైనా పాతబడితేనే గదా రుచి. ఇసుమంటి రంగు మళ్ళ దొరకదని నీకోసం పక్కకి పెట్టిన. ఏంది, మంచిగ లేదా?"

ముప్పై ఏళ్ళ నుంచి లక్క కొని అమ్ముతున్న మనిషి. కొన్నది కొన్నట్టే అమ్ముతాడు, ఏనాడూ కరిగించి ఎరగడు. కోమటి ఇంట్లో పాతదంటే పండిందని అర్థం.

"మంచిగున్నది నానా," అంది అనుపమ.

ఫోన్ పెట్టేసి, ముఖం కడుక్కుని, లక్కే ఇంటికి బయల్దేరింది. ఊరి చివర ఇటుక బట్టీల వెనక రేకుల ఇల్లు. లక్కే గుమ్మంలో కూర్చుని గోంగూర ఆకు తుంపుతోంది. అనుపమని చూసి లేవలేదు, పీట మాత్రం ముందుకి జరిపింది.

"కొత్త లక్క కావాలె," అంది అనుపమ. ఇక్కడ ఆమె భాష కూడా ఇంటి భాష అయిపోయింది. "నాకు చూసి కొననీకి రాదు. నువ్వు రావాలె."

"నన్ను రావద్దంటిరి గదా."

"సార్ అన్నడు."

"నీ నోటితోనే ఇన్న."

అనుపమ పీట మీద కూర్చుని, ముందున్న ఆకు తుంపడం మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి కట్టంతా తుంపారు. చివరి కాడ అయిపోయాక లక్కే చేతులు దులుపుకుంది.

"నేనొచ్చేది లక్క కోసం గాదు," అంది. "సీసలు మంచిగ కడిగిననని తేలాలె. అది తేలితే నన్ను పనిల పెట్టుకున్నా సరే, పెట్టుకోకున్నా సరే."

బజార్లో ఆరు దుకాణాలు తిరిగారు. లక్కే రంగు చూడలేదు. గుప్పెడు గింజలు తీసుకుని పిడికిలి బిగించి, వేడెక్కేదాకా ఉంచి, విప్పి చూసేది. గింజ గింజ విడిగా రాలితే పాతదని వద్దనేది. ఆరో దుకాణంలో గింజలు ఒకదానికొకటి అంటుకుని, అరచేతిని వదల్లేదు. మోదుగు లక్కా అని దుకాణదారుణ్ణి అడిగింది. కుసుం చెట్టుదే, మేలురకం అన్నాడు. వాసన చూసి నమ్మింది. రంగు మట్టుకు వెలిసిపోయినట్టు, పేదగా ఉంది. కాశయ్య చూస్తే ముట్టుకోడు.

ఆ మధ్యాహ్నం నుంచి గురువారం సాయంత్రం దాకా ఇద్దరూ లాబ్ వదల్లేదు. లక్కని స్పిరిట్‌లో నానేశారు. గుడ్డలో వడగడితే పుల్లలు తప్ప ఏమీ మిగల్లేదు. గ్రాఫీన్ పొడిని అనుపమ తూచి పోసింది. అది పొగలా లేచే పొడి, ఫ్యాన్లు ఆపి, మూతికి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి పోయాలి. లక్క నీళ్ళు, పొడి, గాజు గోలీలు సీసాలో వేసి, దొర్లించే యంత్రం మీద పెట్టారు. సిరా చిక్కదనం చూడ్డానికి అనుపమ దగ్గర ఒక పరికరం ఉంది. లక్కే గరిటె ముంచి, ఎత్తి, జారే బొట్టుని చూసి, "ఇంక తిరగాలె," అంది. రెండోసారి చూసి, "ఇగ చాలు," అంది. పరికరం కూడా ఆ మాటే చెప్పింది. అనుపమ ఆ సంగతి నోటు పుస్తకంలో రాయలేదు, ఏ గడిలో రాయాలో తెలియక.

జాలీ కింద కాగితం పెట్టి, రబ్బరు పలకతో సిరాని ఒక్క లాగు లాగాలి. అనుపమ లాగితే రెండు చోట్ల దళసరి అయింది. లక్కే లాగింది. అలికిన నేల మీద చెయ్యి తిప్పే మనిషి, ఒత్తిడి ఎక్కడా తప్పలేదు. ఆరబెట్టి, పైపూత పూసి, ఓవెన్లో పెట్టి తీశారు.

గురువారం నాలుగింటికి మొదటి పట్టీని గాజు కడ్డీ చుట్టూ వంచారు. అంకె కదల్లేదు. రెండువందల సార్లు వంచారు. తడి గుడ్డ దగ్గరికి తెస్తే దీపం వెలిగింది, తీస్తే ఆరింది. లక్కే మళ్ళీ తెచ్చింది, మళ్ళీ తీసింది. ఆమె నవ్వడం అనుపమ అదే మొదటిసారి చూడటం.

"సార్‌కి చెప్పు," అంది లక్కే.

అనుపమ ఫోన్ తీసి తెలుగులోనే రాసింది. నాన్న లక్క సంగతి, గుడ్డలో ఉండ సంగతి, దీపం మీద పరీక్ష, అన్నీ రాసింది. చదువుకుంది. నాన్న ఉన్న వాక్యం తీసేసింది. అది తీసేస్తే ముందు వాక్యానికి కాళ్ళు లేవు, దాన్నీ తీసేసింది. చివరికి మిగిలింది ఇది: 'పట్టీలు నిలబడ్డాయి సార్. సీసాల తప్పేమీ లేదు. తప్పు ఎక్కడుందో కనిపెట్టింది లక్కే.'

నిమిషంలో జవాబొచ్చింది. 'అద్భుతం. నాకూ మొదట్నించీ లక్కే అనిపిస్తోంది.'

"ఏమన్నడు?"

"ఆయనకీ ముందునుంచీ నువ్వే అనిపించిందట," అంది అనుపమ, తనకే కొంచెం వింతగా ఉన్నా.

లక్కే నమ్మినట్టు కనిపించలేదు.

శుక్రవారం పదకొండింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్దావిడ పేరు వినీత మేడం. నెరిసిన జుట్టు, నూలు చీర, చేతిలో సొంత నోటు పుస్తకం. నవీన్ సార్ వాళ్ళ కారులోనే దిగాడు. తొట్టి దగ్గర సీసాలు తుడుస్తున్న లక్కేని చూసి కనుబొమలు ఎగరేశాడు గానీ అడిగే వ్యవధి లేదు.

పట్టీలు వంచి చూపించారు. ఇప్పపువ్వు బస్తాలో గుచ్చి చూపించారు. దీపం వెలిగింది. నవీన్ సార్ హిందీలో చెప్పుకుపోతున్నాడు, ముఖం వెలిగిపోతోంది.

"మొదట మా పట్టీలు పగిలాయి. నేను సీసాల శుభ్రత అనుకున్నాను. కానీ తప్పు లక్కలో ఉందని మా అనుపమ గారు కనిపెట్టారు. ఈ ఘనత ఆవిడది."

ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

"పాత లక్క, కొత్త లక్క తేడా ఎలా తెలిసిందమ్మా?" అని అడిగింది వినీత మేడం.

అనుపమ సార్ వైపు వంగి, తెలుగులో, పెదవి కదపనంత మెల్లగా అంది. "సార్, మెసేజ్ పెట్టాను కదా. కనిపెట్టింది లక్కే అని."

"అవును, లక్కే. అదేగా చెప్తున్నాను," అన్నాడు ఆయన.

"లక్క కాదు సార్. లక్కే. ఆవిడ." లక్కేకి వినిపించేంత గట్టిగానే అని, తొట్టి వైపు చూపించింది.

నవీన్ సార్ అటు చూశాడు. అయిదు నెలలుగా ఆయా అని పిలిచిన మనిషి. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది.

ఆయన్నొక్కణ్ణే అని లాభం లేదు. మన భాషలో ఆడమనిషికీ, ఆవుకీ, అటక మీద డబ్బాకీ ఒకటే క్రియ. వచ్చింది, పోయింది, కనిపెట్టింది. కనిపెట్టింది లక్కే అంటే, దొరికిన తప్పు లక్కే అని ఆయన చదువుకున్నాడు. గౌరవం ఇస్తేనే మనిషని తేలుతుంది. కనిపెట్టారు అని ఉంటే, లక్కే గారు అని ఉంటే, ఆ మెసేజ్‌ని పిల్లాడు కూడా తప్పు చదవడు. సార్ పేరుకి, చివరికి కమిటీ డ్రైవరు పేరుకి కూడా గారు చేర్చే మనిషే అనుపమ. కుంటలో వాళ్ళ నాన్న దుకాణం ముందు నిలబడ్డ ఏ దోర్ల మనిషికీ ఎవరూ గారు అనగా అనుపమ వినలేదు. వినలేదు కాబట్టి అనలేదు. పైగా వాక్యాన్ని అంత పొట్టిగా కోసింది నాన్నని దాచడానికి. ఇదంతా ఆమెకి ఒక్కసారే తెలిసింది, చెంప మీద కొట్టినట్టు.

వినీత మేడం ఇంకా చూస్తోంది. పరీక్ష అనుపమకిప్పుడు వచ్చు. దీపం వెలిగించి, రేకు పెట్టి, తనే తీగ లాగి చూపించొచ్చు. ఎవరూ అడగరు. లక్కే కూడా అడగదు.

"అది నేను కనిపెట్టలేదు మేడం," అంది హిందీలో. "మడకం లక్కే జీ కనిపెట్టారు. ఆమే చూపిస్తారు."

లక్కే చేతులు తుడుచుకుని వచ్చింది. తొందర పడలేదు. పాత గింజలు మాడ్చి చూపించింది, కొత్తవి కరిగించి తీగ లాగింది. వినీత మేడం తనూ లాగుతానంది, వేలు కాలింది. "తడి చేసుకోవాలె," అని లక్కే ఆమె చెయ్యి పట్టుకుని గిన్నెలో ముంచింది. రెండోసారి ఆవిడ తీగ బారెడు సాగింది.

"మరి ఈ పాత లక్క లాబ్‌లోకి ఎలా వచ్చింది?"

నవీన్ సార్ నోరు తెరవబోయాడు. అనుపమ ముందే అంది.

"మా నాన్న గోదాం నుంచి మేడం. నేనే తెచ్చాను. మంగళవారమే తెలిసింది నాకు. సార్‌కి చెప్పలేదు. ఆ తప్పు ఈమె మీద పడింది."

వినీత మేడం పుస్తకంలో ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో తెలియదు. వెళ్ళేటప్పుడు లాబ్ సంగతి నెలలో తెలియజేస్తామంది. లక్కేకి మాత్రం నమస్కారం పెట్టి కారెక్కింది.

కారు కనుమరుగయ్యాక నవీన్ సార్ తొట్టి దగ్గరికి వచ్చాడు.

"లక్కే గారూ, సోమవారం నుంచి రండి. సిరా పనికే. ఊడ్చడానికి వేరే మనిషిని చూస్తాను."

లక్కే గాభరాగా అనుపమ వైపు తిరిగింది. "గారు అంటుండేందమ్మా? నా మీద ఏమన్న కాగితం వచ్చిందా?"

అనుపమ నవ్వబోయింది. సార్ ముఖం చూసి ఆగింది.

"కాగితం ఉంది," అన్నాడు ఆయన మెల్లగా. "మంగళవారం వెళ్ళేముందు ఆఫీసుకి రాసిచ్చాను. మాన్పించేటప్పుడు కారణం రాయాలి."

వెళ్ళి ఫైలు తెచ్చాడు. హిందీలో టైపు కొట్టి, కింద సంతకం పెట్టిన కాగితం. లక్కే దాన్ని చూసి, అనుపమకి అందించింది.

"నా పేరున్నదా దాంట్ల?"

"ఉంది."

"ఎట్లున్నది?"

"మడకం లక్కే, భర్త పేరు జోగ, సొంతూరు జగర్గుండా. సీసాలు సరిగ్గా కడగనందువల్ల."

"మొత్తం ఉన్నది," అంది లక్కే. సార్ వైపు చూసింది. కోపంగా కాదు, తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. "మంగళవారం మనిషినే గదా సారూ. గురువారానికి లక్క ఎట్లయితి?"

ఆయన కాగితం తీసుకుని చింపబోయాడు.

"చింపకుండ్రి. ఇంకోటి ఆఫీసుల ఉంటది," అంది లక్కే. "దాని కిందనే రాయుండ్రి."

"ఏం రాయమంటారు? లక్క సంగతి మీరు కనిపెట్టారని..."

"అది మీ ఇష్టం. సీసలు మంచిగనే కడిగిందని రాయుండ్రి. హిందీల. ఆఫీసోళ్ళు చదవాలె."

నవీన్ సార్ బల్ల మీద కాగితం పెట్టి, నిలబడే రాశాడు. తేదీ వేసి, సంతకం చేసి, రెండో ప్రతి మీదా రాస్తానని చెప్పి, లక్కేకే ఇచ్చాడు. ఆమె దాన్ని అనుపమ చేతిలో పెట్టింది. అనుపమ హిందీలో చదివి, తెలుగులో చెప్పింది.

"అంతే ఉన్నదా?" అంది లక్కే. "ఏం తీసెయ్యకుండ చెప్పినవా?"

అనుపమ కాగితాన్ని ఇద్దరికీ కనిపించేలా బల్ల మీద పరిచి, మొదటి మాట మీద వేలు పెట్టి, మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.